నిరుటి గుంతలోనే ఈ ఏటి మొక్క

వానలు కాస్త నిలదొక్కుకోగానే మన బళ్లలో ఏటా ఒక తంతు నడుస్తుంది. ప్రార్థన అయ్యాక పిల్లలను వరసగా నిలబెడతారు. సర్పంచో, మండల విద్యాధికారో, ఊళ్లో పేరున్న మరెవరో వస్తారు. గుంత ముందే తవ్వి ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ కవరు చింపి మొక్కను దించుతారు. పెద్దాయన చెయ్యి మొక్క మీద, పక్కన చెంబుతో ఒక పాప, వెనక పదిమంది పిల్లలు. ఫొటో. టీచర్ల గదిలో దీని మీద ఒక పాత జోకు ఉంది: "కొత్త గుంత దేనికి సార్, నిరుటిది ఖాళీగానే ఉందిగా!"

నవ్వుకుని ఊరుకునే మాటే. కానీ ఆ ఫొటోలోని పిల్లలకు ఆ పనిలో వాటా ఎంత అని అడిగితే నవ్వు ఆగిపోతుంది. మొక్కను వాళ్లు ఎంచలేదు. చోటు వాళ్లు చూడలేదు. వేసవి సెలవుల్లో నీళ్లెవరు పోస్తారన్న మాట వాళ్ల దగ్గర ఎవరూ ఎత్తలేదు. నివేదికలో మాత్రం 'విద్యార్థుల ఆధ్వర్యంలో' అని పడుతుంది.

పిల్లల చేత పని చేయించడం ఒకటి, పిల్లలే పనిని నడపడం ఇంకొకటి. మొదటిది మన దగ్గర కొల్లలు. రెండోది అరుదే అయినా లేకపోలేదు. అది ఎక్కడ కుదిరింది, కుదిరిన చోట ఎందుకు నిలిచింది, మిగతా చోట్ల ఏడాది తిరక్కుండా ఎందుకు చల్లారింది అన్నవి చూడాల్సిన ప్రశ్నలు.

ఉత్తర్వులకు కొదవ లేదు

ఈ విషయంలో ప్రభుత్వాలు ఏమీ చేయలేదంటే అన్యాయమే అవుతుంది. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న పర్యావరణ విద్యను చదువులో తప్పనిసరి చేయమంది. అమలు నత్తనడక నడిచింది. 2003లో కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాక ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యప్రణాళిక తయారుచేసింది. డిగ్రీ విద్యార్థులకు పర్యావరణ అధ్యయనం అనే పేపరు వచ్చింది. చాలామంది దాన్ని పరీక్ష ముందురోజు చదివి, పరీక్ష మర్నాడు మరిచిపోయే పేపరుగానే ఎరుగుదురు.

2001లో కేంద్రం 'నేషనల్ గ్రీన్ కోర్' పెట్టింది. మనం జాతీయ హరిత దళం అంటున్నది దీన్నే. దేశంలో లక్షకు పైగా బళ్లలో ఎకో క్లబ్బులు ఈ పథకం కిందే వెలిశాయి. బడికి ఏడాదికి కొన్నాళ్లు 2,500 రూపాయలు, తర్వాత 5,000 ఇచ్చారు. సమగ్ర శిక్షా వచ్చాక యువ, ఎకో క్లబ్బుల పేరిట ప్రాథమిక పాఠశాలకు 5,000, ఉన్నత పాఠశాలకు 25,000 దాకా లెక్క కట్టారు. ఇప్పుడవే క్లబ్బులు 2022లో మొదలైన 'మిషన్ లైఫ్' పేరు తగిలించుకున్నాయి. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం, ఆంధ్రప్రదేశ్‌లో వనం-మనం, ఈ మధ్య నెలకో శనివారం స్వచ్ఛాంధ్ర, వీటన్నిటిలోనూ బడిపిల్లల వరసలు కనిపిస్తూ వచ్చాయి.

అంటే పథకం ఉంది, పేరు ఉంది, కొద్దో గొప్పో డబ్బూ ఉంది. లేనిదల్లా నిర్ణయంలో పిల్లల మాట. క్లబ్బు కార్యక్రమాల క్యాలెండరు పైనుంచి దిగుతుంది. జూన్ 5న పర్యావరణ దినం, సెప్టెంబరు 16న ఓజోన్ దినం, మధ్యలో మట్టి వినాయకుడు. ఒక్కో రోజుకు ఒక వ్యాసరచన, ఒక ర్యాలీ. ఇందులో మట్టి వినాయకుడిని తీసిపారేయలేం. బడిలో పిల్లలు సొంత చేత్తో చేసి ఇంటికి పట్టుకెళ్లిన బొమ్మ, ఆ ఇంటి పీట మీద రంగుల ప్లాస్టర్ బొమ్మను పక్కకు నెట్టింది. ఆ పని ఫలించడానికి కారణం సులువుగానే తెలుస్తుంది. దాని ఫలితం పిల్లవాడి చేతిలో ఉంది, ఇంట్లో అందరికీ కనబడింది.

హార్ట్ నిచ్చెన

ఈ తేడాను కొలవడానికి ఒక పాత పనిముట్టు ఉంది. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యూనిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లలో అసలు భాగస్వామ్యమే లేదంటాడు. అడుగు మెట్టు మీద పెద్దలు తమ మాటను పిల్లల నోట పలికిస్తారు. రెండో మెట్టు మీద పిల్లలు అలంకారం. మూడో దాని మీద పేరుకు మాత్రమే ప్రతినిధులు. మధ్య మెట్ల మీద పెద్దలు పని చెప్పి, ఎందుకో వివరిస్తారు, అభిప్రాయం అడుగుతారు. చిట్టచివరి మెట్టు మీద పిల్లలే పని మొదలుపెట్టి, పెద్దలతో కలిసి నిర్ణయాలు తీసుకుంటారు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పెద్దలు పూర్తిగా తప్పుకోవడాన్ని హార్ట్ పైమెట్టుగా పెట్టలేదు. పిల్లలు నడుపుతుంటే పెద్దలు పక్కన ఉండటమే అన్నిటికంటే పైన ఉంది. మన ఊళ్లలో బావిలో ఈత నేర్పే పెద్దాయన కూడా ఇంతే కదా. నడుముకు బెండు కట్టి దింపుతాడు, తాను గట్టు మీద కూర్చుంటాడు, కన్ను మాత్రం నీళ్ల మీదే.

ఆ నిచ్చెన పక్కన మన జులై ఫొటో పెడితే, చెంబు పట్టుకున్న పాప రెండో మెట్టు మీద ఉంది.

లెక్క రాసినవాళ్లు

పైమెట్ల మీదికి ఎక్కినవాళ్లను వెతికితే ఒక పోలిక పదే పదే ఎదురవుతుంది. వాళ్లందరి దగ్గరా ఒక పుస్తకం ఉంది. ఏదో ఒకటి లెక్కపెట్టి రాస్తూ వచ్చిన పుస్తకం.

చెన్నైలో 1988 ప్రాంతంలో కొందరు విద్యార్థులు సముద్ర తాబేళ్ల కోసం ఒక బృందం కట్టారు. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ దాని పేరు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ రాత్రుల్లో వీళ్లు నీలాంగరై నుంచి బెసంట్ నగర్ దాకా ఇసుకలో నడుస్తారు. తాబేలు జాడ పట్టి, గుడ్లను కుక్కల నుంచి, మనుషుల నుంచి కాపాడి, కంచె వేసిన ఇసుక పొదుగుశాలకు చేరుస్తారు. నెలన్నర తర్వాత పొదిగి బయటికొచ్చిన పిల్లలను కడలిలోకి వదులుతారు. ఊరి దీపాల వెలుగుకు దారి తప్పి రోడ్డు వైపు పాకకుండా చూస్తారు. మొదలుపెట్టినవాళ్లు చదువులు ముగించుకుని ఎటో వెళ్లిపోయారు. వాళ్ల తర్వాత ఎన్ని బ్యాచులు మారాయో, నడక మాత్రం ఆగలేదు. ఏ రాత్రి ఎన్ని గూళ్లు, ఎన్ని గుడ్లు, ఎన్ని పొదిగాయి, ఎన్ని చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి అన్నది ఏటా రాస్తూ పోయారు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందలాదిగా తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చినప్పుడు, అది మామూలు కాదని గట్టిగా చెప్పడానికి ముప్పై ఏళ్లకు పైబడిన ఆ లెక్క ఒక ఆధారమైంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ విషయాన్ని తనంతట తానే చేపట్టింది.

కేరళలో మరో రకం పుస్తకం ఉంది. మాతృభూమి పత్రిక 2009లో మొదలుపెట్టిన 'సీడ్' కార్యక్రమంలోని బళ్లు 'సీజన్ వాచ్' అనే దేశవ్యాప్త పరిశీలనతో చేతులు కలిపాయి. పని చాలా చిన్నది. పిల్లవాడు ఒక చెట్టును తనదిగా ఎంచుకుంటాడు. వారానికోసారి దాన్ని చూసి చిగురు ఉందా, పూత ఉందా, పిందె ఉందా, పండు ఉందా అని రాస్తాడు. అంతే. వేల మంది పిల్లలు ఏళ్ల తరబడి ఇలా రాస్తే ఏమవుతుంది? విషు పండగకు విరగబూయాల్సిన కొన్న, అంటే మన రేల చెట్టు, వేళకు ముందే పూస్తోందన్న మాట తాతల జ్ఞాపకంగా మిగిలిపోకుండా అంకెల్లోకి వచ్చింది.

ఢిల్లీ కథ ఇంకా పాతది. 1979లో అక్కడి రిడ్జ్ అడవి కరిగిపోతుంటే హైస్కూలు, కాలేజీ విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ గుంపు నుంచి పుట్టిందే 'కల్పవృక్ష'. నాలుగేళ్లకు, 1983లో, వీళ్లు నర్మద వెంట ఊరూరా నడిచి, కట్టబోయే ఆనకట్టల వల్ల మునిగేవి ఏమిటో తెలుసుకుని నివేదిక రాశారు. ఆ ప్రాజెక్టుల మీద వచ్చిన తొలి విమర్శల్లో అదొకటి. నినాదంతో మొదలైనవాళ్లు నోట్సు రాయడం నేర్చుకున్నారు. సంస్థ ఇప్పటికీ ఉంది.

మన దగ్గరికి వస్తే హైదరాబాదు విశ్వవిద్యాలయం తాజా ఉదాహరణ. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో క్యాంపస్‌ను ఆనుకున్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు విద్యార్థులు అడ్డం నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని చెట్ల నరికివేతను ఆపించింది. దేశమంతా చూసింది ఆ నాలుగు రోజుల వీడియోలను. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ క్యాంపస్‌లో తెల్లవారుజామున బైనాక్యులర్లు వేసుకుని పక్షులను, మొక్కలను, జింకలను నమోదు చేసిన విద్యార్థుల పనిని అంతగా పట్టించుకున్నవాళ్లు లేరు. 'అది బంజరు, తుప్పలు తప్ప ఏమీ లేవు' అన్న వాదనకు జవాబు అప్పటికప్పుడు దొరికేది కాదు. ముందే రాసిపెట్టుకున్నవాళ్ల దగ్గర దొరికింది.

జిల్లా పరిషత్ బడి నుంచి

ఇవన్నీ నగరాల్లో చదువుకున్న పిల్లల కథలేనని ఎవరైనా అంటే కొంత నిజమే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల ఒకప్పటి బోడికొండల మధ్య దశాబ్దాల పాటు మొక్కలు పెంచి, నీటిని నిలిపి, లోయను పక్షులకు నెలవుగా మార్చింది. గొప్ప పనే. కానీ ఆ వనరులు మన మండలంలో ఎన్ని బళ్లకు ఉన్నాయి?

అందుకే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల నుంచి వచ్చిన రెండు కథలకు విలువ ఎక్కువ. యాదాద్రి భువనగిరి జిల్లా ముల్కలపల్లి బడి ఆడపిల్లలు తమ ఊరి చెరువుల్లో దట్టంగా అల్లుకున్న గుర్రపుడెక్కను చూశారు. పనికిరాని ఆ మొక్క నారకు మెంతులు, పసుపు, వేప, సబ్జా చేర్చి, మట్టిలో కలిసిపోయే శానిటరీ ప్యాడ్లు చేశారు. చెరువు సమస్య ఒకటి, నెలసరి రోజుల్లో బడి మానేసే ఆడపిల్లల సమస్య ఇంకొకటి. రెంటినీ ఒకే ముడిలో చూడటం ఏ అధికారికీ తట్టలేదు, ఆ పిల్లలకు తట్టింది. రెండు బాధలూ వాళ్లవే మరి.

జోగులాంబ గద్వాల జిల్లా చింతలకుంట బడి విద్యార్థిని కథ మనం మొదలుపెట్టిన గుంత దగ్గరికే తీసుకొస్తుంది. మొక్క నాటాక నల్ల కవరు ఎక్కడికి పోతోందని ఆ అమ్మాయి అడిగింది. హరితహారం పేరుతో కోట్ల మొక్కలు నాటుతుంటే అన్ని కోట్ల కవర్లూ మట్టిలోకే చేరేవి. తన ప్రాంతంలో విరివిగా దొరికే వేరుశనగ పొట్టుతో కుండీ చేసి, కుండీతో సహా మొక్కను నాటేయవచ్చని చూపించింది. హైదరాబాదులోని టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం ఆ కుండీలు అచ్చుగుద్దే యంత్రాన్ని తయారుచేసింది. నాటడానికి వరసలో నిలబెట్టిన పిల్లల్లో ఒకరు వంగి గుంతలోకి చూస్తే జరిగిన పని ఇది.

ఇలాంటి ప్రశ్నలకు చోటిచ్చిన వేదిక ఒకటి మూడు దశాబ్దాలుగా ఉంది. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు గైడు టీచరు తోడుగా తమ ఊరి సమస్య ఒకటి ఎంచుకుని, సర్వే చేసి, కొలిచి, చార్టుల మీద వివరించాలి. తెలుగు నేల మీద జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు దీని కోసం ఊరూరా తిరిగారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, పొలాల్లో పురుగుమందు, మధ్యాహ్న భోజనంలో వృథా, ఇలాంటివన్నీ పదమూడేళ్ల పిల్లల ప్రాజెక్టులయ్యాయి. లోటల్లా ఆ తర్వాతే ఉంది. బహుమతి వచ్చినా రాకపోయినా పోటీ ముగిసిన మర్నాడు చార్టు బీరువా వెనక్కి వెళుతుంది. పిల్లలు కొలిచిన ఫ్లోరైడ్ అంకెను గ్రామసభలో చదివే ఏర్పాటు ఎక్కడా లేదు.

ఇంటి దాకా, శాసనం దాకా

బడిలో పిల్లలు చేసింది ఇంటిని మారుస్తుందా? మారుస్తుందని చెప్పడానికి పరిశోధనలున్నాయి. సీషెల్స్ దీవుల్లో బడి వన్యప్రాణి క్లబ్బుల పిల్లలు చిత్తడి నేలల గురించి నేర్చుకున్నాక, వాళ్ల తల్లిదండ్రులకూ ఆ విషయం బాగా తెలిసిందని, ఇంట్లో నీటి వాడకం మెరుగుపడిందని 2013లో వచ్చిన అధ్యయనం చెప్పింది. తమకు పిల్లల ద్వారా తెలిసిందన్న స్పృహ కూడా ఆ తల్లిదండ్రులకు లేకపోవడం విశేషం. అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో జరిగి 2019లో వెలువడిన మరో అధ్యయనంలో, పిల్లలు వాతావరణ మార్పు పాఠాన్ని ఇంటికి తెచ్చాక తల్లిదండ్రుల్లో ఆందోళన పెరిగింది. అంతవరకు ఆ మాటే గిట్టని కుటుంబాల్లో, అందులోనూ నాన్నల్లో, మార్పు ఎక్కువ. కొడుకుల కంటే కూతుళ్ల మాట బాగా పనిచేసింది. మన ఇళ్లలో ఆడపిల్ల చెబితే నాన్న సిగరెట్ పారేయడం చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు.

ఊరు దాటి శాసనం దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇండోనేషియాలోని బాలి దీవిలో 2013లో పన్నెండేళ్లు, పదేళ్ల అక్కచెల్లెళ్లు మెలాటి, ఇసబెల్ వైసెన్ ప్లాస్టిక్ సంచులు వద్దంటూ పని మొదలుపెట్టారు. ఒక ఊళ్లో దుకాణాలు తిరిగి చూశారు, విమానాశ్రయంలో సంతకాలు సేకరించారు. గవర్నరు పలకలేదు. ఇండియా వచ్చి గాంధీ ఉన్న ఇల్లు చూసి వెళ్లాక, పగటి పూట నిరాహార దీక్షకు కూర్చున్నారు. గవర్నరు పిలిచి మాట్లాడాడు. అయినా నిషేధం అమల్లోకి రావడానికి 2019 దాకా పట్టింది. మొదలుపెట్టిన చిన్నపిల్లలు అప్పటికి యువతులయ్యారు. ఆరేళ్లు! మన హైస్కూలు పిల్లవాడు బడిలో ఉండేదే ఐదేళ్లు.

కాలం కలిసిరాక

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పర్యావరణం మారడానికి పట్టే కాలం వేరు, బడి క్యాలెండరు వేరు. ఎనిమిదిలో ఉత్సాహంగా క్లబ్బులో చేరిన పిల్లవాడు తొమ్మిదిలో పని నేర్చుకుంటాడు. పదిలోకి రాగానే స్టడీ అవర్లు మింగేస్తాయి. క్లబ్బును నడిపే సైన్సు టీచరుకు బదిలీ వస్తే క్లబ్బుకూ వచ్చినట్టే. మొక్కకు గడ్డుకాలం ఏప్రిల్, మే. అప్పుడు బడికి తాళం.

రెండో చిక్కు, సురక్షితమైన సమస్యలనే ఎంచుకోవడం. ప్లాస్టిక్ కవర్లు వద్దంటే ఎవరికీ కోపం రాదు. ఊరి చెరువు శిఖంలో ఎవరి షెడ్డు లేచింది, వాగులో ఇసుక ఎవరు తోడుతున్నారు, ఫ్యాక్టరీ నీళ్లు ఏ వాగులో కలుస్తున్నాయి అని పిల్లలు మ్యాపు గీస్తే హెడ్మాస్టరుకు ఫోను వస్తుంది. అందుచేత పిల్లల ప్రాజెక్టులన్నీ ఇంటి చెత్తబుట్ట దగ్గరే తిరుగుతాయి. భూమి పాడవడానికి తమ చాక్లెట్ కాగితమే కారణమన్న భావం పిల్లల మెదళ్లలో నాటుకుంటుంది.

మూడోది నలుగురిలో అనడానికి ఇబ్బందిగా ఉండే మాట. 'బడి శుభ్రత' అన్న పని ఎవరికి పడుతుంది? చీపురు ఆడపిల్లలకు, చెత్త ఎత్తడం ఫలానా వాడకట్టు పిల్లలకు, మైకు ముందు ప్రతిజ్ఞ చదివించే పని ఇంకెవరికో అయితే అది పర్యావరణ విద్య కాదు. ఊళ్లోని పాత అన్యాయానికి ఆకుపచ్చ రంగు వేయడమే.

లెక్క ఒక్కటీ అన్నిటికీ మందు కాదన్నది కూడా ఒప్పుకోవాలి. ఏం లెక్కపెడుతున్నామన్నది ముఖ్యం. ఎన్ని మొక్కలు నాటామన్న అంకె వెంట పరుగెత్తినప్పుడే, తొందరగా ఏపుగా పెరుగుతుందని కోనోకార్పస్‌ను వీధి వీధినా నాటాం. దాన్ని పెంచవద్దని 2022లో తెలంగాణ ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ఆ చెట్టు మీద ఏ పిట్ట వాలుతోంది, ఏ తేనెటీగ వస్తోంది అని రాసే పిల్లలుంటే ఆ మాట ఇంకా ముందే బయటపడేదేమో.

పుస్తకం ఎవరి చేతికి

నిలిచినవాటిని దగ్గరపెట్టి చూస్తే పెద్ద ఖర్చు ఎక్కడా కనపడదు. 1994లో ఐరోపాలో మొదలైన 'ఎకో స్కూల్స్' పద్ధతిలో మొదటి మెట్టు పిల్లలతో కూడిన కమిటీ, రెండోది బడి స్థితిని పిల్లలే కొలవడం. చేసే పని ఆ తర్వాతే. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారి గ్రీన్ స్కూల్స్ కార్యక్రమం కూడా గాలి, నీరు, భూమి, శక్తి, ఆహారం, చెత్త అని ఆరు పద్దుల కింద పిల్లల చేత బడిని ఆడిట్ చేయిస్తుంది. ట్యాంకు ఎన్ని లీటర్లు, ఏ కుళాయి కారుతోంది, భోజనంలో ఎంత పారబోస్తున్నాం అని పిల్లలు తేల్చాక ఏం చేయాలన్నది పెద్దలు చెప్పనక్కరలేదు.

బడితోటల సంగతే చూడండి. 2019లో కేంద్రం బళ్లలో పోషకాహార తోటలకు మార్గదర్శకాలిచ్చింది. అక్కడ కోసిన తోటకూర అదే మధ్యాహ్నం పప్పులోకి వెళుతుంది. నీళ్లు పోసిన చెయ్యే ముద్ద కలుపుతుంది. అందుకే ఎండిపోయిన చెట్ల మధ్య కూడా ఆకుకూర మడి పచ్చగా కనిపించే బళ్లున్నాయి.

ఎకో క్లబ్బుల బాగుకు కొత్త పథకం అక్కర్లేదు. కార్యదర్శి పదో తరగతిలో కాక ఎనిమిదిలో ఉండాలి, తొమ్మిదిలోకి వెళ్లేటప్పుడు రిజిస్టరు తన చేత్తో ఏడో తరగతి పిల్లకు అప్పగించాలి. క్లబ్బు డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో క్లబ్బు తీర్మానం రాయాలి. వేసవి నీళ్లకు బడి పక్క ఇళ్ల పిల్లల వంతులు సెలవులకు ముందే నోటీసు బోర్డు మీద పడాలి. ఏడాదికోసారి ఆ రిజిస్టరు గ్రామసభలో చదవాలి. సర్పంచికి నచ్చినా నచ్చకపోయినా.

వచ్చే జులైలో అతిథి వచ్చినప్పుడు మొక్క కంటే ముందు ఆ రిజిస్టరు చేతికిస్తే చాలు. నిరుడు నాటినవి ఎన్ని, ఇప్పుడు బతికున్నవి ఎన్ని, చచ్చినవి ఏ నెలలో, దేనివల్ల చచ్చాయి అని ఒక పాప మైకులో చదువుతుంది. అప్పుడు ఆ పెద్దాయన గుంత దగ్గరికి నడిస్తే, గుంత ఖాళీగా ఎందుకుందో ఆయనకు తెలిసే ఉంటుంది.